కాశీయాత్రా, బారిష్టరా? ఏం చదవాలో తేలనివాళ్లకి

డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, ఆ వెనకే జనవరిలో విజయవాడది. ఆ రోజుల్లో నన్ను అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు: "ఏవైనా మంచి పుస్తకాలు చెప్పు." అడిగేది సాహిత్యం కాచి వడబోసినవాళ్లు కాదు. బ్యాంకులో పనిచేసే బావగారు, ఇంజనీరింగు చదువుతున్న మేనకోడలు, డాలస్ వెళ్లాక తెలుగు చదివే వేగం తగ్గిపోయిన స్నేహితుడు. ఒకరికి చరిత్ర కావాలి, ఒకరికి అడవులు కావాలి, ఇంకొకరికి బోరు కొట్టకపోతే చాలు.

వీళ్లకి 'తప్పక చదవాల్సిన వంద' లాంటి జాబితా పంపడం నాకు ఇష్టం ఉండదు. అలాంటి జాబితాల్లో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' పైవరసలోనే ఉంటుంది. ఉండాల్సిందే. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న నవల అది. పీవీ నరసింహారావు పనిగట్టుకుని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించిన నవల. కానీ ఎన్నో ఏళ్లుగా నవల ముట్టని మనిషి చేతిలో అంత లావు విశ్వనాథని పెడితే ఏమవుతుంది? ఆ కథ జరిగే సుబ్బన్నపేటలో నలభై పేజీలు తిరిగి, పుస్తకాన్ని అటక ఎక్కిస్తాడు.

అందుకే ఒకే విషయం మీద రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి, అడిగిన మనిషికి ఏది మేలో చూస్తాను. నా కొలత ఒకటే: పుస్తకం మూశాక ఆ మనిషి ఇంకేదో వెతుక్కోవడానికి లేవాలి. గొప్పదనం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు ప్రయాణాలు. ఒక పక్క ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర', రెండో పక్క మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం'. ఒకటి నిజంగా చేసిన ప్రయాణం, రెండోది కల్పించిన ప్రయాణం. ఒకాయన ఉత్తరానికి వెళ్లి తిరిగొచ్చాడు, ఇంకొకాయన ఓడెక్కి సీమకి, అంటే ఇంగ్లండు వైపు పోయాడు.

వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాష మాటల్ని ఇంకో భాషలో చెప్పేవాడు. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. రైలు లేదు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో గానీ నడవలేదు. బోయీలు మోసే పల్లకీ, వెంట నూరుమంది దాకా పరివారం, వాళ్లలో ఆయన తల్లీ భార్యా కూడా ఉన్నారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ. తిరుగుదారి కలకత్తా, పూరీ మీదుగా కోస్తా వెంట. దారిలో రాసుకున్నదంతా చెన్నపట్నంలోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి పంపుతూ వచ్చాడు. వీరాస్వామయ్య 1836లో పోయాక, 1838లో ఆ స్నేహితుడే అచ్చు వేయించాడు.

ఇందులో భక్తి కోసం వెతికేవాళ్లకి భక్తి దొరుకుతుంది. నాకు నచ్చేది మాత్రం మజిలీల లెక్క. ఈ ఊరు దాటితే ఎన్ని ఆమడలు, దారి ఇసకా రాళ్లా, బావిలో నీళ్లు మంచివేనా, అంగళ్లు ఉన్నాయా, కావలసిన సామాన్లు దొరుకుతాయా. ఆయన వెంట నూరుమంది కడుపులున్నాయి, రాయకుండా ఎలా ఉంటాడు! శ్రీశైలం వెళ్లే యాత్రికుల దగ్గర కందనూరు (ఇప్పటి కర్నూలు) నవాబు వసూలు చేసుకునే సుంకం సంగతి కూడా రాశాడు. మనకి పాఠ్యపుస్తకాల్లో రాజులూ గవర్నరు జనరల్సూ తెలుసు. రెండు వందల ఏళ్ల కిందట కర్నూలు దగ్గర ఒక పల్లెలో సాయంత్రం దిగితే బియ్యం దొరుకుతాయో లేదో ఈయన చెబితేనే తెలిసింది.

చిక్కు భాషతోనే. అప్పటి చెన్నపట్నపు వాడుక మాట, మధ్యమధ్య ఉర్దూ, తమిళం, కచేరీ మాటలు. వాక్యం ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుందో తెలియదు. మొదటి పాతిక పేజీలు ఓపిక పడితే తర్వాత అలవాటవుతుంది. కొందరికి అవదు.

పార్వతీశానికి ఈ బాధ లేదు. 1924లో వచ్చిన మొదటి భాగం ఇప్పటికీ చకచకా చదివిస్తుంది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదవాలని ఇంట్లో చెప్పకుండా బయల్దేరడం, రైల్లో పాట్లు, మద్రాసులో టోపీ కొనడం, ఓడలో ఫోర్కూ చాకుతో భోజనం. నవ్వు ఎంత వస్తుందో, వాడి మీద జాలీ అంత వేస్తుంది. తెలియనితనం ఉంది గానీ కుర్రాడిలో తెలివితక్కువతనం లేదు. మొక్కపాటి స్వయంగా ఎడింబరోలో చదువుకొచ్చినవాడు కాబట్టి వెక్కిరింత కాస్త తన మీద కూడా వేసుకున్నట్టు ఉంటుంది. రెండు, మూడు భాగాలు చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి, వాటిలో ఆ ఊపు లేదు. చదవకపోయినా నష్టం లేదు.

అయితే ఏది మేలు? చదివే అలవాటు తప్పినవాళ్లకి పార్వతీశం, అనుమానమే లేదు. కానీ నా కొలతకి వీరాస్వామయ్యే నిలబడతాడు. పార్వతీశం చదివినవాళ్లు నవ్వుకుని పుస్తకం మూస్తారు. కాశీయాత్ర చదివినవాళ్లు తమ ఊరు ఆయన దారిలో పడిందేమోనని వెతుకుతారు, మ్యాపు తెరుస్తారు. మా బావగారు అలాగే చిక్కుకున్నారు. ఇప్పుడు పాత కర్నూలు జిల్లా గెజెటీర్లు చదువుతున్నారు, ఇంట్లో అక్కయ్య నన్ను తిడుతోంది.

అడవి గురించి అడిగితే నా దగ్గర ఇంకా గట్టి జోడీ ఉంది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు', విభూతిభూషణ్ బందోపాధ్యాయ్ 'వనవాసి'. రెండోది 1930ల చివర్లో వచ్చిన బెంగాలీ 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం తెలుగు. అనువాదమని గుర్తు చేస్తే తప్ప గుర్తుకు రాదు, అంత హాయిగా నడుస్తుంది.

కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి, వృత్తికి డాక్టరు, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేశాడు. ఆయన నవలంతా ఒక్క రాత్రి కథ. పందుల్ని మేపుకునే ముసలివాడు, మందతో తిరిగి రాని ఈనే పందిని వెతుక్కుంటూ పొద్దుగుంకే వేళ అడవిలోకి వెళ్తాడు. అక్కడ చీకటి, నక్కలు, పంది, పిల్లలు, ఈయన చేతిలో ఈటె. అంతే సరుకు. ఉపదేశం లేదు, పెద్ద మాటల్లేవు. చీకట్లో ఆకు చప్పుడైతే అది గాలా జంతువా అని ముసలివాడు ఎలా తేల్చుకుంటాడో రాస్తుంటే, మనమూ చెవి రిక్కించి కూర్చుంటాం. హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'లో చేప కోసం పోరాడే ముసలివాడితో దీన్ని పోల్చడం విమర్శకులకి అలవాటు. పోలిక తప్పు కాదు గానీ, హెమింగ్వే చేపకి ఒక ఠీవి ఉంది, చూసినవాళ్లు ముచ్చటపడతారు. పందిని మేపుకునేవాణ్ణి ఊళ్లో ఎవరూ గొప్పగా చూడరు. అలాంటి మనిషికి నవల మొత్తం ఇవ్వడం కేశవరెడ్డి ధైర్యం.

'వనవాసి' దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ బీహారులోని ఒక ఎస్టేటుకి మేనేజరుగా వస్తాడు. పని ఏమిటంటే, అడవిని నరికించి రైతులకి కౌలుకి ఇవ్వడం. మొదట్లో ఆ ఒంటరితనానికి పారిపోదామనుకుంటాడు, తర్వాత అడవి మీద పిచ్చి ప్రేమ పుడుతుంది. ప్రేమిస్తూనే తన చేత్తోనే దాన్ని పంచిపెడుతూ ఉంటాడు. విభూతిభూషణ్ కూడా భాగల్పూరు ప్రాంతంలో అలాంటి ఉద్యోగమే చేశాడు, అందుకే ఆ బాధలో నాటకం కనిపించదు. ఇందులో యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. ఎక్కడెక్కడి నుంచో విత్తనాలూ మొక్కలూ తెచ్చి అడవిలో నాటుతుంటాడు. తన భూమి కాదు, ఎవరూ డబ్బివ్వరు, చూసి మెచ్చుకునేవాళ్లూ లేరు. ఎందుకు చేస్తున్నావంటే అడవి ఇంకా అందంగా ఉంటుందని. ఈ ఒక్క మనిషి కోసమే పుస్తకం కొనొచ్చు.

ఇక్కడ తేల్చడం కష్టమే. కేశవరెడ్డిని ఒక ఆదివారం కూర్చుంటే సాయంత్రానికి ముగించొచ్చు. మధ్యలో ఆపితే మాత్రం ఆ బిగి పోతుంది, మెట్రోలో పది నిమిషాల చొప్పున చదివే పుస్తకం కాదు. 'వనవాసి'ని అలా కూడా చదవొచ్చు, కథ తొందరపెట్టదు. అయితే అదే దాని లోపం కూడా, థ్రిల్లర్లకి అలవాటుపడినవాళ్లు మూడో అధ్యాయానికి ఆవలిస్తారు. మేనకోడలికి ముందు కేశవరెడ్డిని ఇచ్చాను. అది పూర్తయ్యాక తనే ఇంకో అడవి కావాలంది. ఈ వరసే సరైనదని నా నమ్మకం, తలకిందులు చేస్తే పనిచేయదు.

చరిత్ర అడిగేవాళ్లకి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చెప్పాలా, రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' చెప్పాలా? జనం ఎక్కువగా రాహుల్‌ని చెబుతారు. చాగంటి తులసి అనువాదం తేలిగ్గా సాగుతుంది. క్రీ.పూ. 6000 నుంచి 1942 దాకా ఇరవై కథలు. కానీ ఆర్యుల రాకపోకల గురించి 1940ల నాటి అవగాహనే అందులో ఉంది. దాన్ని కథగా చదివితే బాగుంటుంది, చరిత్రగా చదివి వాదనలకి దిగితే ఇబ్బంది. నాకు తెలిసిన ఒకరిద్దరు దిగారు కూడా.

సురవరం వారిది వేరే దారి. గోలకొండ పత్రిక నడిపిన మనిషి, 1949లో ఈ పుస్తకం తెచ్చారు. తెలుగుకి మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, దీనికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు. రాజుల వంశవృక్షాలు పక్కన పెట్టి, కావ్యాలు దులిపి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని ఏరుకున్నారు. 'క్రీడాభిరామం' అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి భోజనం వర్ణన ఉంటుంది: కప్పురభోగి బియ్యపు వంటకం, గోధుమపిండి వంట, ఇంకా చాలా, అన్నీ కలిపి ఒక్క రూకకి. పద్యమని దాటేసే చోట ఆయన మెస్సు మెనూ చదివారు. కవి చెప్పిందల్లా నిజమేనా అన్న అనుమానం ఉండాల్సిందే, కావ్యంలో ఊరు ఎప్పుడూ అసలు ఊరికన్నా కాస్త బాగుంటుంది. పద్యాల దగ్గర తడబాటు వస్తే దాటేసి ముందుకు పోండి, పెద్దగా నష్టం లేదు. ఈ జోడీలో నా ఓటు సురవరం వారికే.

ఆత్మకథల్లో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ', కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. శ్రీపాద తెలుగు తిరుగులేనిది. గోదావరి వైపు వైదిక కుటుంబంలో సంస్కృతం చదువుకోవాల్సిన కుర్రాడు తెలుగు రచనకి ఎలా తిరిగాడో చెబుతాడు. ఆ మాటల కోసం నేను మళ్లీ మళ్లీ చదువుతాను. కానీ కొత్తవాళ్లకి కోటేశ్వరమ్మే చెబుతాను. బాల్యంలోనే వితంతువు, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త దూరమవడం, మళ్లీ చదువుకుని కాకినాడలో హాస్టలు మేట్రన్ ఉద్యోగం, పిల్లల్ని పోగొట్టుకోవడం. తొంభై దాటాక, 2012లో వచ్చిన ఈ చిన్న పుస్తకంలో ఒక్కచోట కూడా గొంతు పెంచలేదు. అంత కోపానికి కారణాలున్న మనిషి అంత నెమ్మదిగా ఎలా రాయగలిగిందా అని రెండు రోజులు ఆలోచనలో పడేస్తుంది. మనసు బాగా లేని రోజుల్లో మాత్రం మొదలుపెట్టకండి.

చిన్న కథలు కావాలన్నవాళ్లకి 'అమరావతి కథలు' ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు. సత్యం శంకరమంచి వంద కథలు, ఒక్కోటి కాఫీ తాగేలోపు అయిపోతుంది. వరసగా పది చదివితే తీపి ఎక్కువైనట్టు అనిపిస్తుంది, రోజుకి ఒకటి మేలు. డాలస్ స్నేహితుడికి నేను పంపింది మాత్రం ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి కబుర్లు, నెల్లూరు మాటలోనే. యాస చదవడం కష్టమేమో అనుకున్నాడట, పైకి చదివితే సులువైపోయిందని చెప్పాడు. పుస్తకభాషకన్నా ఇంటి మాట చెవికి తొందరగా ఎక్కుతుంది మరి.

సైన్సు దగ్గర నాకు తగువే లేదు. మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ' బడిపిల్లలున్న ఇంటికి, కొడవటిగంటి రోహిణీప్రసాద్ 'విశ్వాంతరాళం' పెద్దవాళ్లకి.

ఇక కొనుగోలు మాట. 'కాశీయాత్ర చరిత్ర' తెలుగు వికీసోర్సులో ఉచితంగా దొరుకుతుంది, ముందు అక్కడ నాలుగు మజిలీలు చదివి చూసి, పడితేనే అచ్చు పుస్తకం కొనండి. ఇందులో చాలావాటికి కొత్త ముద్రణ ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు అయిపోతుందో చెప్పలేం, కనబడినప్పుడే తీసుకోవాలి. ప్రదర్శనలో డబ్బులు రెండింటికే ఉంటే 'అతడు అడవిని జయించాడు', 'నిర్జన వారధి' తీసుకోండి. రెండూ సన్నటివి, బస్సులో చేతిసంచీలో పడతాయి.