ఆరేళ్ల తరువాత మా డ్రైవాల్ గోడ

ఒక పెద్ద గదిని రెండుగా విడదీయడానికి 12.5 మిల్లీమీటర్ల మందం గల జిప్సం బోర్డులతో (రెండువైపులా కాగితం అతికించిన జిప్సం పలకలతో) నేనే స్వయంగా గోడ కట్టి ఆరేళ్లు దాటింది. బోర్డులు బిగించడం రెండు రోజుల్లో ముగిసింది కానీ, అతుకులు పూడ్చి నునుపు చేయడానికి రెండు వారాలు పట్టింది. తరువాత బయటపడిన లోపాలలో ఎక్కువ భాగం ఆ రెండు వారాల్లో నేను పడిన తొందర ఫలితమే.

మొదటి పగులు మాత్రం బిగింపులో జరిగిన పొరపాటు. రెండు బోర్డుల అతుకు సరిగ్గా తలుపు పై మూలకే వచ్చేలా అమర్చాను. తలుపు వేసిన ప్రతిసారీ అదురంతా ఆ మూల మీదే పడడంతో ఏడాది తిరగకముందే అక్కడ గీత తేలింది. బోర్డును ఎల్ ఆకారంలో కోసి, అతుకును ద్వారబంధం పైన నడిమికి జరిపి ఉండవలసింది.

గోడకు ఒకవైపు అతుకుల మీద పేపర్ టేపు, రెండోవైపు జాలీలా ఉండే మెష్ టేపు వాడాను. పేపర్ టేపు వేసినవి నేటికీ చెక్కుచెదరలేదు. మెష్ వైపు రెండు సన్నని పగుళ్లు వచ్చాయి. తప్పు మెష్‌ది కాదు. నీటితో కలుపుకుంటే రసాయనికంగా గట్టిపడే పొడి రకానికి బదులు, తడి ఆరితే బిగుసుకునే డబ్బా కాంపౌండ్‌ను (అతుకులు పూడ్చే ముద్దను) దాని మీద పూశాను.

స్క్రూ తల కాగితం పొరకు కాస్త లోపలికి దిగాలే తప్ప కాగితాన్ని చీల్చకూడదు, ఎందుకంటే బోర్డును పట్టి ఉంచేది ఆ కాగితమే. డ్రిల్లుకు లోతును నియంత్రించే బిట్ తగిలించాక ఆ బాధ తప్పింది. దాన్ని మొదటి రోజే కొననందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కాంపౌండ్‌ను మూడు పూతలుగా, ప్రతి పూతనూ ముందుదానికన్నా వెడల్పుగా లాగి, మధ్యలో పూర్తిగా ఆరనివ్వాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. టార్చిలైటును గోడకు ఆనించి ఏటవాలుగా వేస్తే పగటి వెలుగులో కనిపించని గుంటలన్నీ బయటపడతాయి. రంగుకు ముందు ప్రైమర్ వేయకపోతే కాగితం, కాంపౌండ్ రంగును వేర్వేరుగా పీల్చుకుని అతుకులు చారలుగా తేలతాయి.

నేలకూ బోర్డుకూ మధ్య వదిలిన సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ మాత్రం నన్ను కాపాడింది. ఒకసారి గదిలో నీళ్లు నిలిచినప్పుడు అడుగు పట్టీ ఉబ్బి మార్చవలసి వచ్చినా, బోర్డు తడి పీల్చలేదు.