బెంగళూరులో తొలి ఉద్యోగం: ఇంకో కోర్సా, మాటతీరా? ఏది మేలు?

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వీధుల్లో జావా, ఏడబ్ల్యూఎస్, టెస్టింగ్ కోర్సుల బోర్డులకు లెక్కలేదు. పీజీల్లో ఉంటూ అక్కడ చేరేవాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామందే. ఉద్యోగం వచ్చాక కూడా శని, ఆదివారాలు మరో కోర్సుకే పోతాయి. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు, ఆఫీసులో ఎవరి పని ఎక్కడుందో చెప్పుకోవడానికి టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్, అంటే స్టాండప్, కూడా ఉన్నాయి కదా. మొదటి ఏడాదికి నా ఓటు స్టాండప్‌కే.

కోర్సు వల్ల లాభం లేదని కాదు. ఇంటర్వ్యూ గట్టెక్కించేది అదే. ప్రాజెక్టు స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఉండి, మీకు అది రాకపోతే ముందు కోర్సుకే వెళ్ళండి. ఎంత చక్కగా మాట్లాడినా ఆ లోటు తీరదు. కానీ పనిలో వాడని టెక్నాలజీలో సర్టిఫికెట్ తెచ్చుకుంటే రెజ్యూమెలో ఒక లైను పెరుగుతుంది, అంతే. చేతికి పని తగలకపోతే నేర్చుకున్నది నిలవదు.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు భయం పోగొడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు అది చిన్న మేలేమీ కాదు. కాకపోతే టీమ్‌లో చిక్కు చాలావరకు ఇంగ్లీషుతో రాదు, విషయం చెప్పకపోవడంతో వస్తుంది. అర్థం కాకపోయినా "ఓకే సర్" అనేస్తారు. అడిగితే ఏమనుకుంటారో అని రెండు రోజులు ఒక్కరే కుస్తీ పడతారు.

చాలా సాఫ్ట్‌వేర్ టీమ్‌లు పాటించే స్క్రమ్ అనే పని పద్ధతిలో స్టాండప్‌కు 15 నిమిషాలే గడువు. మన వంతు ఒకటి రెండు నిమిషాలు. "పేమెంట్ పేజీ చేస్తున్నాను, రేపటికి అయిపోతుంది" అంటారు కొత్తవాళ్ళు. మర్నాడూ అదే మాట. దాని బదులు ఇలా చెప్పి చూడండి: "పేమెంట్ పేజీ టైమౌట్ అవుతోంది. లాగ్స్ చూశాను, డేటాబేస్ కనెక్షన్ దగ్గర ఆగుతున్నట్టుంది. మధ్యాహ్నానికి తేలకపోతే మీ దగ్గరికి వస్తాను." ఎక్కడ ఆగింది, ఏం చేశారు, సాయం ఎప్పుడు కావాలి, అన్నీ వచ్చేశాయి. టీమ్ లీడ్ అప్పటికప్పుడే ఎవరినైనా తోడు ఇవ్వగలరు. ఇంగ్లీషులో నాలుగు తప్పులు దొర్లినా ఎవరూ పట్టించుకోరు.

ఇంజనీరింగ్ కోర్సులకు అక్రెడిటేషన్ ఇచ్చే ఎన్‌బీఏ కూడా విద్యార్థికి రావలసినవాటిలో కమ్యూనికేషన్‌నూ, జట్టుగా పనిచేయడాన్నీ చేర్చింది. కానీ ల్యాబ్ రికార్డు చూసి రాసుకుని నాలుగేళ్ళు గడిపితే ఆ రెండూ ఎక్కడ అబ్బుతాయి? పిల్లల తప్పు కాదిది.

స్టాండప్‌లో గొంతు పెగలనివాళ్ళకు టోస్ట్‌మాస్టర్స్ మంచి తోడు. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ సంస్థకు బెంగళూరులో చాలా క్లబ్బులున్నాయి, కొన్ని కంపెనీల లోపలే నడుస్తాయి. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మధ్యలో ఎన్నిసార్లు "ఆ... ఆ..." అన్నారో లెక్కపెట్టడానికి ఒకరుంటారు. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు కన్నా ఇదే మేలంటాను.

ఏ క్లాసులోనూ చెప్పనిది ఇంకొకటుంది. టీమ్‌లో నలుగురు తెలుగువాళ్ళుంటే టీ దగ్గరే, తెలుగులోనే నిర్ణయాలు అయిపోతాయి. టెస్టింగ్ చూసే తమిళమ్మాయికి ఆ మార్పు సంగతి బగ్ బయటపడ్డాక గానీ తెలియదు. టీ దగ్గర తెలుగు మాట్లాడుకోండి, ఎవరూ వద్దనరు. సీటుకు రాగానే ఏం మారిందో, ఎందుకో టీమ్ చాట్ ఛానెల్‌లో రెండు ఇంగ్లీషు వాక్యాలు రాసిపెట్టండి.