బోరు నీళ్లలో పురుగుమందు ఉందేమో, సాల్వెంట్ కలిసిందేమో అన్న అనుమానమా? ఏ పరీక్ష మేలు?

బోరు నీళ్లు ఘాటుగా వాసన వస్తుంటాయి. లేదా ఇంటి చుట్టూ పత్తి చేలుంటాయి, ఆ నేలలోంచి వచ్చే నీళ్లే ఇంట్లో అందరూ తాగుతుంటారు. అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని టీడీఎస్ మీటర్ ముంచి చూడటం. 300 అని చూపిస్తే హమ్మయ్య అనుకుంటారు. నాకు భయం వేసేది సరిగ్గా ఆ ధీమా చూసే.

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో మాత్రమే. సోడియం, కాల్షియం, క్లోరైడ్ లాంటి లవణాలుంటే కరెంటు బాగా పారుతుంది. టోలుయిన్, క్లోరోఫాం లాంటి సాల్వెంట్లు (వేరే పదార్థాల్ని కరిగించడానికి వాడే ద్రవాలు), అట్రజిన్ లాంటి గడ్డిమందులు నీళ్లలో కరిగినా అయాన్లుగా, అంటే కరెంటును మోసే కణాలుగా విడిపోవు. కాబట్టి మీటర్‌కు అవి లేనట్టే లెక్క. మోతాదుల సంగతి చూసినా అంతే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదు. ఆల్డ్రిన్, డైఎల్డ్రిన్ అనే పాత పురుగుమందులైతే లీటరుకు 0.03 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము) దాటకూడదు. రెండు అంకెల మధ్య తేడా కోటి రెట్లకు పైనే.

ఊళ్లలో వాడే ఫీల్డ్ టెస్ట్ కిట్ల సంగతి వేరు. ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, క్లోరైడ్, ఇనుము చూడటానికి అవి చక్కగా పనికొస్తాయి. నల్లగొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ జిల్లాల్లో వాటి అవసరం చాలా ఉంది. కానీ పురుగుమందుల అవశేషాలు వాటికి అందవు. సాయిల్ హెల్త్ కార్డుదీ ఇదే కథ. అందులో ఉండే 12 అంశాలూ నేల సారం గురించినవే, విషాల గురించి ఒక్కటీ లేదు. కార్డు బాగుందంటే పంటకు బాగుందని అర్థం, నేల శుభ్రంగా ఉందని కాదు.

తర్వాతి మెట్టు సీఓడీ, బీఓడీ. ఫ్యాక్టరీ వ్యర్థజలాలకు ఈ పరీక్షలు తప్పనిసరి. నీళ్లలో ఉన్న సేంద్రియ పదార్థమంతా కలిపి ఎంత ఆక్సిజన్ తీసుకుంటుందో చెబుతాయి తప్ప అందులో ఏముందో చెప్పవు. దీనికి పెద్ద సాక్ష్యం పటాన్‌చెరు. అక్కడ దాదాపు 90 ఔషధ ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే, ఒక్కో రసాయనాన్నీ విడిగా గుర్తించి కొలిచే మెషిన్ మీద పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. దాని పేరు, మోతాదు సీఓడీ అంకెలో ఎన్నటికీ బయటపడవు. ఇక ఇంటి బోరుకైతే సీఓడీ చేయించడం దండగ. లీటరుకు ఐదు, పది మిల్లీగ్రాముల లోపు అది నమ్మకంగా కొలవలేదు, మన అనుమానమేమో మైక్రోగ్రాముల్లో ఉంటుంది.

కాబట్టి అసలు ఎంపిక రెండు పెద్ద మెషిన్ల మధ్యే: శాంపిల్‌ను ఆవిరిగా మార్చి అందులోని రసాయనాల్ని విడదీసే జీసీ-ఎంఎస్, ద్రవంగానే ఉంచి విడదీసే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్. రెండిట్లో ఏది గొప్పది అని అడుగుతుంటారు. మీరు అనుమానిస్తున్నది వేడికి ఆవిరవుతుందా, లేదా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. విడిపోకుండా ఆవిరయ్యేవి జీసీలో దొరుకుతాయి: టోలుయిన్, బెంజీన్ లాంటి సాల్వెంట్లు, డీడీటీ, ఎండోసల్ఫాన్, క్లోర్‌పైరిఫాస్. వేడికి విడిపోయేవి, నీళ్లలో బాగా కలిసిపోయేవి ఎల్‌సీలో దొరుకుతాయి: మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్, కార్బెండజిమ్, మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే యాంటీబయాటిక్స్. ఈ రోజు పత్తి, మిర్చి మీద కొట్టే మందుల్లో చాలావరకు రెండో రకమే. అందుకే వ్యవసాయం చుట్టూ ఉన్న బోరుకు నా ఓటు ఎల్‌సీకే. ఫ్యాక్టరీ పక్కన బోరు వాసన కొడుతుంటే ముందు జీసీ చేయించాలి.

జీసీ అనగానే అన్నీ వచ్చేస్తాయనుకోకండి. పురుగుమందుల కోసం చేసే జీసీలో శాంపిల్‌ను సాల్వెంట్‌లోకి లాగి, ఆ సాల్వెంట్‌ను ఆవిరి చేసి చిక్కబరుస్తారు. మీరు వెతుకుతున్న టోలుయిన్ ఆ దశలోనే ఎగిరిపోతుంది. రిపోర్టు ఏమీ లేదంటుంది, వాసన మాత్రం ఇంట్లో అలాగే ఉంటుంది. సాల్వెంట్ల కోసమైతే హెడ్‌స్పేస్ లేదా పర్జ్ అండ్ ట్రాప్ పద్ధతిలో ‘వీఓసీ’ (తేలిగ్గా ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలు) పరీక్ష కావాలని స్పష్టంగా అడగాలి. "ఐఎస్ 10500 మొత్తం చేయండి" అన్నా పని జరగదు. ఆ ప్రమాణంలో ఉన్న పురుగుమందులు 18, బెంజీన్, టోలుయిన్ అందులో లేనే లేవు. వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితులతో పోల్చుకోవాలి: బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు, టోలుయిన్ 700.

గడ్డిమందుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గ్లైఫోసేట్, పారాక్వాట్ మన చేలల్లో విపరీతంగా వాడినవి. ఈ రెండూ ఒకేసారి చాలా మందుల్ని వెతికే మామూలు మల్టీ రెసిడ్యూ పరీక్షలో పట్టుబడవు. 200 మందుల ప్యాకేజీ తీసుకున్నా ఇవి అందులో ఉండకపోవచ్చు. వీటికి విడిగా పరీక్ష ఉంటుంది, విడిగా అడగాలి, డబ్బూ విడిగానే కట్టాలి. మీ చుట్టుపక్కల చేలల్లో గత రెండు మూడేళ్లలో ఏం కొట్టారో ఆ రైతుల్ని, పురుగుమందుల షాపు వాళ్లని అడిగి పేర్లు రాసుకోండి. 200 మందుల ప్యాకేజీ కంటే ఆ చీటీలో ఉన్న పది పేర్లే ఎక్కువ పనిచేస్తాయి.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సిన గడి ఒకటుంది. ఒక వరుస ఇలా ఉందనుకోండి: ఆల్ఫా హెచ్‌సీహెచ్ (ఒక పాత పురుగుమందులోని రసాయనం), ఫలితం బీడీఎల్, ఎల్‌ఓక్యూ 0.1 మైక్రోగ్రాము. బీడీఎల్ అంటే మెషిన్‌కు అందలేదని. ఎల్‌ఓక్యూ అంటే ఆ పద్ధతి నమ్మకంగా కొలవగలిగిన కనీస మోతాదు. ఐఎస్ 10500లో ఆల్ఫా హెచ్‌సీహెచ్ పరిమితి 0.01 మైక్రోగ్రాము. అంటే పరిమితికి ఐదు రెట్లున్నా ఈ రిపోర్టు ‘బీడీఎల్’ అనే చెబుతుంది. ఇలాంటి వరుసకు విలువ లేదు. ఎన్ని మందులు చూస్తారన్నది కాదు, ఎంత తక్కువ దాకా చూడగలరన్నదే ల్యాబ్‌ను ముందుగా అడగండి. ల్యాబ్‌లకిచ్చే జాతీయ గుర్తింపు ఎన్‌ఏబీఎల్ ఉందంటే సరిపోదు, మీకు కావాల్సిన పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉందో లేదో కూడా చూడాలి.

నీళ్లా, మట్టా? తాగే నీళ్ల గురించి బెంగ అయితే నీళ్లే. అట్రజిన్ లాంటివి, సాల్వెంట్లు నేలలోంచి కిందికి దిగి నీళ్లలో చేరతాయి. డీడీటీ, ఎండోసల్ఫాన్ లాంటివి మట్టిని అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపేసింది కాబట్టి పాత చేలో అది ఉండదని ధీమాగా అనుకోలేం. భూమి కొంటున్నా, పాత గోదాం లేదా చెత్త పోసిన జాగాలో కూరగాయలు వేయాలనుకున్నా మట్టి పరీక్ష మేలు. అప్పుడు ఎండోసల్ఫాన్‌తో పాటు అది మారి ఏర్పడే ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌ను కూడా చూడమనండి. పురుగుమందుల కోసమైతే నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి ఇవ్వొచ్చు. సాల్వెంట్ల కోసమైతే కలపకూడదు, కలిపేటప్పుడే ఆవిరైపోతాయి.

ఇంత ఖర్చూ శాంపిల్ తీసే ఐదు నిమిషాల్లో వృథా కావచ్చు. వీఓసీకి ల్యాబ్ ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసానే వాడాలి. మోటారు కాసేపు నడిపి, ధార సన్నగా పెట్టి, సీసా అంచు మీద నీళ్లు ఉబ్బి నిలిచేదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి. పురుగుమందులకు లీటరు ముదురు గోధుమరంగు గాజు సీసా. మినరల్ వాటర్ బాటిల్ అసలు వద్దు, కొన్ని మందులు ప్లాస్టిక్‌కే అంటుకుపోతాయి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు అందించాలి.

ఆలస్యం ఎంత నష్టమో ఏలూరు చూపించింది. 2020 డిసెంబరులో అక్కడ ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి జబ్బుపడ్డారు, మూర్ఛలు వచ్చాయి. మొదటి నీటి పరీక్షల్లో తేడా దొరకలేదు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేల్చాలంటే దీర్ఘకాలిక అధ్యయనం కావాలన్నారు. అనుమానం పుట్టిన రోజే రెండు గాజు సీసాల నీళ్లు పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఏ ల్యాబో తర్వాత తేల్చుకోవచ్చు.

ఫలితం పరిమితి దాటితే కంగారులో బోరు మూసేయకండి. అదే బోరు నుంచి మళ్లీ శాంపిల్ తీసి వేరే ల్యాబ్‌కు పంపి సరిచూసుకోండి. ఈలోగా తాగడానికి, వంటకు వేరే నీళ్లు వాడండి. కాచి తాగితే సరిపోతుందనుకోవద్దు. కాచడం క్రిములకు మందు, పురుగుమందుల్లో చాలావాటికి కాదు. నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో అవి ఇంకా చిక్కబడతాయి.