మా బస్తీ దవాఖానా: పద్నాలుగు నెలల అనుభవం తరువాత

మా అమ్మకు అరవై మూడేళ్లు. పదకొండేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. హైదరాబాదులో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న బస్తీ దవాఖానాకు, అంటే ప్రభుత్వం నడిపే చిన్న ఉచిత ఆసుపత్రికి, పద్నాలుగు నెలలుగా ఆమెను నెలనెలా తీసుకువెళ్తున్నాను. అది ఏ బస్తీయో చెప్పడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపాల్లో చాలావరకు అక్కడ పనిచేసేవారి చేతిలో లేనివే కాబట్టి, వారిని ఇరుకున పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఈ దవాఖానాలను జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద 2018లో నగరంలో మొదలుపెట్టారు. అయిదు నుంచి పది వేల జనాభాకు ఒకటి చొప్పున, ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు ఉండేలా వీటిని ఏర్పాటు చేశారు. మాది కమ్యూనిటీ హాలుకు ఆనుకుని ఉన్న రెండు గదుల్లో నడుస్తోంది. కూర్చోవడానికి ఆరు కుర్చీలున్నాయి, ఫ్యాను తిరుగుతుంది, తాగునీరు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. వసతుల గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరచినవి రక్తపరీక్షలు. పరగడుపున వెళితే సిస్టర్ రక్తం తీసి, గొట్టాలకు బార్‌కోడ్ అంటించి పెడుతుంది. వాటిని నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో ఉన్న తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్ర ప్రయోగశాలకు వాహనంలో పంపిస్తారు. మాకు ఎక్కువసార్లు మర్నాటికే ఫలితాలు ఫోనుకు వచ్చాయి. తొలినాళ్లలో 57 రకాల పరీక్షలు ఉండేవి. 2023లో వాటిని 134కు పెంచారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరుకు క్రియాటినిన్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలన్నీ అమ్మకు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అయ్యాయి. అంతకుముందు ఇవే పరీక్షలకు బయట పద్దెనిమిది వందలు కట్టేవాళ్లం, అందుకే ఏడాదికి ఒకసారి మించి చేయించేవాళ్లం కాదు. ఉచితం కనుక ఇప్పుడు మూడు నెలలకోసారి చేయిస్తున్నాం. జబ్బు ఎటు పోతోందో తెలియకుండా మందులు మింగడం, తెలిసి మింగడం ఒకటి కావు కదా.

ఫలితం అంకెల్లోనే కనిపించింది. మొదటిసారి అమ్మ హెచ్‌బీఏ1సీ 9.1 ఉండగా, ఆరు నెలలకు 7.6కు దిగింది. తరువాతి పరీక్షలో మళ్లీ 8.2కు ఎక్కింది. అలా ఎక్కడానికి కారణం తిండి కాదు, మందుల సరఫరా. వరుసగా రెండు నెలలు ముప్పై రోజుల మాత్రలకు బదులు పది రోజులవే ఇచ్చి, స్టాకు వచ్చాక రమ్మన్నారు. మిగతావి నేను బయట కొనితెస్తానన్నా అమ్మ వినలేదు. ఉన్నవాటినే సరిపెట్టుకోవాలని మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రను సగానికి విరిచి వేసుకున్న సంగతి నాకు నెల తరువాత గాని తెలియలేదు. పేదరికం చూసిన తరం మందు దగ్గరా పొదుపే చేస్తుంది.

దీనికి పరిష్కారం తెలియనిదేమీ కాదు. 2017లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి ఎంచుకున్న తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే వరుసలో మందులు వాడటం, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం, రానివారిని గుర్తించి మళ్లీ పిలిపించడం అందులోని ముఖ్య పద్ధతులు. వీటిలో మా దవాఖానాలో మొదటిది బాగానే సాగుతోంది, రెండోది స్టాకును బట్టి ఉంటుంది, మూడోది నేను చూడలేదు. ఒక నెల మేము ఊరెళ్లి రాలేకపోతే ఎవరూ ఫోను చేయలేదు.

ఇంకొక సంగతి వేళలు. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు తెరిచి ఉండే చోటికి అడ్డా కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎలా రాగలరు? మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఒకామె బీపీ 170 ఉందని తెలిసి కూడా, పూట కూలి పోతుందని మళ్లీ రాలేదు. దవాఖానా ఎవరి కోసమైతే పెట్టారో వారు పనిలో ఉన్న సమయానికే అది తెరుస్తున్నారు. వారానికి రెండు రోజులైనా సాయంత్రం 8 దాకా నడిపితే వచ్చేవారి వరుస మారుతుందని నా అభిప్రాయం.

ఈ కాలంలో ముగ్గురు వైద్యులు మారారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, ఒకరైతే అమ్మ పాదాలు కూడా పరీక్షించి చెప్పులు మార్చమన్నారు. కానీ ప్రతి కొత్త వైద్యుడికీ కథ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. పాత ఫలితాలను ప్లాస్టిక్ కవరులో దాచుకుని మోసుకుపోయే బాధ్యత మాదే.

ప్రభుత్వ శ్రద్ధ ఎక్కడుందో కూడా ఇక్కడ చెప్పాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. గుండెకు స్టెంటు పడవలసిన కుటుంబానికి అది ప్రాణదానమే, కాదనను. అయితే ఆ స్టెంటుకు దారితీసే షుగరును, బీపీని పట్టుకోవలసిన చోట నెలకు సరిపడా మాత్రలకు కొరత రావడం నాకు మింగుడుపడదు. ప్రభుత్వం ఆరోగ్యంపై పెట్టే ఖర్చులో మూడింట రెండు వంతులు లేదా అంతకు మించి ప్రాథమిక వైద్యానికి కేటాయించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. పరీక్షలకు మాత్రమే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. షుగరు, బీపీ ఉన్నవారు పరీక్షలకు నిస్సంకోచంగా వెళ్లండి. రక్తం ఇచ్చే రోజున తొమ్మిదికల్లా చేరండి, లేకపోతే వాహనం వెళ్లిపోతుంది. మందులు మాత్రం ఇంట్లో పది రోజులవి మిగిలి ఉండగానే తెచ్చుకోండి. మేము ఈ నెల నుంచి అలాగే చేస్తున్నాం, మాత్రల డబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.