ఆరు నెలల వ్యవసాయ సర్టిఫికెట్ కోర్సులో చేరే ముందు జాగ్రత్త

ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టుకోవాలన్న ఆలోచనతో వ్యవసాయ శాస్త్రంలో స్వల్పకాలిక కోర్సులో చేరదలచినవారు, ముఖ్యంగా ఇంటర్ పూర్తిచేసి ఇంటి వద్ద ఉన్న రైతుబిడ్డలు, నాకు జరిగిన నష్టాన్ని తెలుసుకున్నాకే రుసుము చెల్లించవలసిందిగా కోరుతున్నాను.

గత ఏడాది మా జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు కళాశాలలో 35,000 రూపాయలు కట్టి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులో చేరాను. దీనికి ప్రభుత్వ గుర్తింపు ఉందని, ఇది చూపితే ఎరువులకూ పురుగుమందులకూ లైసెన్సు వస్తుందని అక్కడి ఉద్యోగి మా నాన్నగారి ఎదుటే చెప్పారు. కోర్సు ముగిసి, దుకాణానికి గది మాట్లాడుకొని, అడ్వాన్సు కూడా ఇచ్చిన తరువాత మండల వ్యవసాయాధికారి గారిని కలిస్తే, ఆయన ఆ కాగితాన్ని రెండు వైపులా చూసి, ఇది లైసెన్సుకు చెల్లదన్నారు.

ఎందుకు చెల్లదో ఆయనే ఓపికగా వివరించారు. పురుగుమందులు అమ్మేవారికి వ్యవసాయంలో గాని, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాల వంటి సబ్జెక్టులతో గాని డిగ్రీ ఉండాలి, లేదా సస్యరక్షణ పాఠాలున్న ఏడాది డిప్లొమాను గుర్తింపు పొందిన సంస్థ నుంచి పొంది ఉండాలి. ఎరువుల విషయంలో 15 రోజుల సర్టిఫికెట్ కోర్సు కూడా సరిపోతుంది, కానీ అది వ్యవసాయ విశ్వవిద్యాలయమో, రైతులకు శిక్షణ ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రమో, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ) వంటి సంస్థో ఇచ్చినదై ఉండాలి. ఆ 15 రోజుల చదువుకు ఉన్న విలువ నా ఆరు నెలల చదువుకు లేదని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

కళాశాల కరపత్రంలో తమ కోర్సు 'దేశీ'తో సమానమని కూడా ముద్రించారు. దేశీ అనేది మేనేజ్ 2003లో ఇన్‌పుట్ డీలర్ల కోసం, అంటే విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవారి కోసం ప్రారంభించిన డిప్లొమా. 48 వారాల పాటు, వారానికి ఒక రోజు చొప్పున, 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలతో నడుస్తుంది. మమ్మల్ని ఆరు నెలల్లో ఒక్కసారి కూడా పొలానికి తీసుకువెళ్లలేదు.

చదువైనా సరిగా చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మట్టి నమూనా తీయడాన్ని బోర్డు మీద బొమ్మ గీసి ముగించారు. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల 'వి' ఆకారంలో గుంట తీసి, పై నుంచి 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని పలుచగా చెక్కి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరకు అరకిలో మిగుల్చుకోవాలన్నది నేను తరువాత కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక్క పూటలో, చేతికి మట్టి అంటించుకొని నేర్చుకున్నాను. పురుగుమందు డబ్బా మీద ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విష తీవ్రతను తెలుపుతాయని, ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరమని కూడా మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. రైతు చేతికి మందు అందించబోయేవారికి ఇది చెప్పకపోవడాన్ని నేను క్షమించలేకపోతున్నాను.

కాబట్టి ముందుగా కళాశాలను నమూనా సర్టిఫికెట్ ప్రతి అడిగి తీసుకొని, దానితో వ్యవసాయ శాఖ కార్యాలయానికి వెళ్లి, ఏ లైసెన్సుకు చెల్లుతుందో కనుక్కోండి. ప్రతి ఇవ్వడానికి వెనుకాడితే అక్కడ చేరవద్దు. గుర్తింపు ఉందంటే ఏ సంస్థ, ఏ ఉత్తర్వు ద్వారా ఇచ్చిందో రాతపూర్వకంగా అడగండి.

నేను రుసుము వాపసు కోరుతూ కళాశాలకు లేఖ ఇచ్చి, 1915 నంబరు గల వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేశాను. ఇంకా జవాబు రాలేదు. నా రసీదులో 'శిక్షణ రుసుము' అని మాత్రమే ఉంది, కోర్సు పేరు గాని లైసెన్సు మాట గాని లేదు. ఇలాంటి రసీదుతో వాయిదాల మీద కడుతున్నవారు తరువాతి వాయిదా ఇచ్చేలోగా కోర్సు పేరు, కాలపరిమితి, గుర్తింపు వివరాలు రాయించి ముద్ర వేయించుకోండి.