డిసర్టేషన్ శిక్షణ: ఫుట్‌నోట్ల కోసం వెళ్లండి, ‘శాతం తగ్గించే’ తరగతికి వద్దు

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ న్యాయశాస్త్ర విభాగాలు ఉన్నందున, తిరుపతిలో ఎల్‌ఎల్‌ఎం విద్యార్థులకు కొదవ లేదు. వారికి డిసర్టేషన్ (డిగ్రీ కోసం సమర్పించే పరిశోధన వ్యాసం) రాయడం నేర్పుతామనే ప్రైవేటు తరగతులకూ లేదు. బాలాజీ కాలనీ వైపు వారాంతాల్లో నడిచే అటువంటి ఒక తరగతిలో చివరి సెమిస్టర్‌లో చేరాను. ఫీజు ఇక్కడి హాస్టల్ నెల ఖర్చుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ప్రధానంగా బోధించినవారు కొంతకాలం వకీలుగా ప్రాక్టీసు చేసి అధ్యాపకత్వంలోకి వచ్చిన ఒక పెద్దాయన.

ఆయన చేత సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన సారాంశం) దిద్దించుకోవడానికైనా ఈ ఫీజు కట్టవచ్చు. మాలో ఒకరు ‘ఆంధ్రప్రదేశ్‌లో దేవాలయాల పరిపాలన: ఒక విశ్లేషణాత్మక అధ్యయనం’ అనే శీర్షిక తెచ్చారు. మాస్టారు ముందుగా రెండో సగాన్ని కొట్టేసి, విశ్లేషణ లేని అధ్యయనం ఎక్కడైనా ఉంటుందా అని అడిగారు. ఆ తరువాత ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ కాలం అంటూ ఒక్కొక్కటే రాబట్టగా, ఆ శీర్షిక చివరకు ఒక్క ప్రశ్నగా తేలింది: వారసత్వ అర్చకత్వాన్ని రద్దు చేసిన 1987 నాటి దేవాదాయ చట్టాన్ని సమర్థిస్తూ ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు, ఆ చట్టానికి 2007లో వచ్చిన సవరణ తరువాత ఎంతవరకు వర్తిస్తుంది? తిరుమల మిరాశీ (ఆలయ సేవలో వంశపారంపర్య హక్కు) గురించి ఈ ఊళ్లో అభిప్రాయం లేనివారు అరుదు. అయినా దానిపై సమాధానం చెప్పగలిగే ప్రశ్న వేయడం మాలో ఎవరికీ చేతకాలేదు.

ఫుట్‌నోట్ల తరగతి కూడా అంతే గట్టిది. రాజ్యాంగ మౌలిక స్వరూపంపై వచ్చిన కేశవానంద భారతి తీర్పును అందరం, తీర్పుల సంపుటాల్లో దాని చోటు చూపే ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461 అనో, (1973) 4 ఎస్‌సీసీ 225 అనో రాసి ఊరుకుంటాం. అది తీర్పు ఎక్కడ మొదలవుతుందో చెబుతుందే తప్ప, మనం ఆధారపడిన మాట ఎక్కడుందో చెప్పదు. 13 మంది న్యాయమూర్తులు విని, 7–6 ఆధిక్యంతో తేల్చి, 11 వేర్వేరు తీర్పులు రాసిన కేసులో ‘కోర్టు ఇలా అన్నది’ అనే వాక్యానికి విలువ లేదని, ఏ న్యాయమూర్తి, ఏ పేరా అన్నది రాయాల్సిందేనని మాస్టారు పట్టుబట్టారు. ఆధారాలు రాసే పద్ధతుల్లో బ్రిటన్‌కు చెందిన ఆస్కోలాలో సంక్షిప్తాల తరువాత చుక్కలు ఉండవు, అమెరికాకు చెందిన బ్లూబుక్‌లో ఉంటాయి. రెండూ కలగలిసిన పేజీ ఏదైనా కంటబడితే ఎర్ర పెన్నుతో చుట్టి వెనక్కి ఇచ్చేవారు. తీర్పులు ఉచితంగా చదవగల ఇండియన్ కానూన్ వెబ్‌సైటు లింకును ఆధారంగా అతికించినవారికి ఇంకాస్త కటువుగానే చెప్పారు.

వనరుల పరిచయం మాత్రం నిరాశపరిచింది. పూటంతా చందా కట్టవలసిన డేటాబేస్‌ను సంస్థ లాగిన్‌తో తెరమీద చూపించారు. ఇంటికి వెళ్లాక అది మాకు తెరుచుకోదు. సుప్రీంకోర్టు 2023 జనవరి నుంచి ఉచితంగా అందిస్తున్న ఈ-ఎస్‌సీఆర్ (తన తీర్పుల ఆన్‌లైన్ సంపుటి) ప్రస్తావన నిమిషంలో ముగిసింది. క్షేత్ర పరిశోధన, ప్రశ్నావళి తయారీ గురించి చెప్పినవి ఏ గైడు పుస్తకంలోనైనా దొరుకుతాయి.

నా అసలు ఫిర్యాదు చివరి తరగతి మీద. దానికి వేరే వ్యక్తి వచ్చి, విడిగా రుసుము వసూలు చేసి, మన రాత ఇతరుల రాతతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూపించే సారూప్య శాతాన్ని 10 లోపుకు దించే ఉపాయాలు నేర్పారు. ఉపాయమంటే పర్యాయపదాలు మార్చడమే. రాజ్యాంగం 19వ అధికరణంలోని ‘రీజనబుల్ రిస్ట్రిక్షన్స్’ను ‘సెన్సిబుల్ లిమిట్స్’గా మార్చిన పేజీని ఆదర్శంగా తెరమీద పెట్టారు. దశాబ్దాల తీర్పులన్నీ ఆ మొదటి రెండు మాటల మీదే నిలబడి ఉండగా, వాటిని తీసేసిన పేజీతో వైవాకు (మౌఖిక పరీక్షకు) వెళ్లే విద్యార్థి గతి ఏమిటి? పైగా ఆ అవస్థ అవసరమే లేదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) గ్రంథచౌర్యంపై తెచ్చిన 2018 నిబంధనల ప్రకారం చట్టాల పాఠం, ఆధారం చూపిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, వరుసగా 14 పదాల వరకు ఉండే సాధారణ పోలికలు లెక్కలోకి రావు. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 వరకైతే గరిష్ఠంగా 6 నెలల లోపు సవరించి మళ్లీ సమర్పించాలి. ఈ మూడు వాక్యాలు మాకు చెప్పి ఉంటే ఆ తరగతి అవసరమే ఉండేది కాదు. ఇతరుల వాదనను చదివి, పుస్తకం మూసి, సొంత వాక్యంలో రాసి, ఆధారం చూపడం ఎలాగో ఆ పూట ఎవరూ సాధన చేయించలేదు.

రచన సాధనే మొత్తం మీద తక్కువైంది. పలమనేరు, పుత్తూరు వైపుల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి సెక్షన్లు తెలుసు, ఇంగ్లిషులో పేరా కట్టడమే కష్టం. ఒక పేరాలో ఒకే వాదన ఉండాలని స్లైడు మీద చదివి వినిపించారు గానీ, మా పేరాలు తీసుకుని దిద్దింది ఒక్క పూట మాత్రమే.

చేరదలచినవారు సినాప్సిస్ గైడుకు (పరిశోధనను పర్యవేక్షించే అధ్యాపకుడికి) ఇవ్వకముందే చేరడం మంచిది; శీర్షిక ఆమోదం పొందాక దాన్ని కుదించడానికి పెద్దగా వీలుండదు. ఫీజు కట్టేముందు తమ రాత ఎన్ని పేజీలు దిద్ది ఇస్తారో అడిగి, రసీదు మీదే రాయించుకోవాలి. చివరి తరగతి రుసుము ఐచ్ఛికమే అయినా ఆ సంగతి కౌంటరులో వారంతట వారు చెప్పరు.