హోటల్ వాళ్ళూ జాగ్రత్త: మీ పులుసు చూపించి పక్క హోటల్‌కి అడ్రస్ చెప్తున్నాడు

ఆ ఫుడ్ పేజీ ఎవరిదో కాకినాడలో హోటల్ నడిపేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ముద్ద నోట్లోకి వెళ్ళకముందే కళ్ళు మూసుకుని "అబ్బబ్బబ్బ" అంటాడే, వాడే. పేరు రాస్తే మళ్ళీ నా మీదే వీడియో తీస్తాడు, అందుకని రాయట్లేదు.

మా హోటల్లో కొత్త మెనూ పెట్టాం, దాన్ని నలుగురికీ చూపించమని వాణ్ణి అడిగా. ఒక రీల్, మూడు స్టోరీలు కలిపి 18,000 అన్నాడు. "సగం ఇప్పుడు పంపు, సగం పనయ్యాక" అని మా ఆయన నెత్తీ నోరూ బాదుకున్నారు. వింటేగా! మొత్తం ఒకేసారి ఫోన్‌పే చేసేశా. టీమ్ అని చెప్పి నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. 3,200 బిల్లు అయింది, అదీ మన ఖాతాలోనే. పొగ కనపడాలని బొమ్మిడాయిల పులుసు మూడుసార్లు వేడిచేయించాడు. మూడోసారికి ఆ చేప ఏమవుతుందో వండేవాళ్ళకి తెలుసు. వాడికెందుకు, పొగ వచ్చింది చాలు.

రీల్ రెండు లక్షల మంది చూశారన్నాడు. రీల్ చూసి వచ్చామన్నవాళ్ళు ఆ వారంలో పదకొండు మంది, లెక్కపెట్టుకున్నా. ఇన్‌సైట్స్ (ఎంతమంది, ఎక్కడివాళ్ళు చూశారో చెప్పే లెక్క) పంపమంటే స్క్రీన్‌షాట్ పంపాడు, ఏ ఊళ్ళవాళ్ళు చూశారో ఉండే ముక్క మాత్రం కత్తిరించేసి. అప్పుడైనా బుద్ధి రావాలి కదా నాకు. రాలేదు.

నిన్న రాత్రి గల్లా లెక్క చూసుకుంటుంటే మావాడు ఫోన్ తెచ్చి "అమ్మా, ఇది మన దాక కదా" అన్నాడు. అదే పేజీ, కొత్త రీల్. ఊళ్ళోనే ఇంకో హోటల్. మా అత్తగారి నాటి మట్టి దాక, కుళాయికి తగిలి అంచు బొట్టుబిళ్ళంత ఎగిరిపోయింది, అది నాకు తెలీదా? గరిటెతో పులుసు పోస్తున్న చెయ్యి కూడా నాదే, మణికట్టు మీద నూనె చిందిన మచ్చతో సహా. వెనకాల వాడి గొంతు, "గోదావరి రుచి కావాలంటే ఇక్కడికే రావాలి". కింద వాళ్ళ లొకేషన్. వాళ్ళ మెనూలో వంజరం ఫ్రై తప్ప ఇంకో చేప లేదండీ! నా రీల్ ఏదీ అని వెతికితే అసలు పేజీలోనే లేదు.

ఫోన్ చేశా. తడబడతాడేమో అనుకున్నా. నవ్వాడు. "అక్కా, పులుసు పులుసే కదా. స్క్రీన్ మీద రుచి కనపడుద్దా?" అన్నాడు. మరి నా రీల్ ఏదిరా అంటే "మీ ప్యాకేజీ 30 రోజులే అక్కా, తీసేశాం. రెన్యువల్ 6,000." రెన్యువలంట! నేను వేయించుకుంది ఫోన్ రీచార్జా? గట్టిగా అడిగితే ఆఖర్న, "గొడవ చేస్తే జెన్యూన్ రివ్యూ పెట్టాల్సొస్తది" అన్నాడు. అంటే 18,000 తీసుకుని పెట్టింది జెన్యూన్ కాదని వాడి నోటితో వాడే చెప్పాడు.

ఇందులో నా తప్పూ ఉంది, దాచను. ప్రమోషన్ అని రాయవా అని అడిగితే "అలా రాస్తే రీచ్ పడిపోద్ది అక్కా, చూసేవాళ్ళు తగ్గిపోతారు" అన్నాడు, నేనూ బుర్రూపాను. డబ్బు తీసుకున్న పోస్టు మీద ఆ ముక్క రాసి తీరాలని 2023 జనవరిలోనే కేంద్రం చెప్పిందట. తప్పుదారి పట్టించే ప్రకటన చేసినవాళ్ళకి 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చట. ఇదంతా ఇవాళ పొద్దున తెలిసిన లాయరు గారు చెప్పారు. చెప్పి, "దాస్తుంటే మీరూ ఒప్పుకున్నారుగా" అని నా మొహం చూశారు. ఏం చెప్పను?

సరే, ఇంకా ఇవ్వాలనే అనుకుంటే సగమే ఇవ్వండి. రీల్ మీ పేజీలో కూడా కనపడేలా కొలాబ్ పెట్టించండి. మీ దగ్గర తీసిన వీడియో ఇంకెక్కడా వాడనని, ఎన్నాళ్ళు ఉంచుతాడో కూడా వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ కాదు, ఎదురుగా ఫోన్‌లో తెరిపించి చూడండి. అసలు ఆ డబ్బుతో మన పేజీ నుంచే, మన హోటల్ చుట్టూ ఉన్న నాలుగు కిలోమీటర్ల వాళ్ళకే కనపడేట్టు యాడ్ వేసుకోవచ్చట. అదీ ఇవాళే తెలిసింది, మావాడు చెప్పాడు.

ఆ దాక ఇంకో హోటల్ రీల్‌లో కనిపిస్తే స్క్రీన్ రికార్డ్ చేసి నాకు పంపండి. అంచు ఎగిరింది కుడివైపు.